నిండిన కార్డు - తరుగు పరపతి

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో సమాచార శాఖ ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో మీరు ఇంతవరకు త్రాగునీరు, పారిశుధ్యము, ఇంటిపన్ను, పంచాయతీ జమాఖర్చులు మున్నగు విషయములను వినియున్నారు. నేడు నేను చెప్పబోవు విషయము పంచాయతీ దస్తరములలో కానరాదు. అయినను గ్రామములోని ప్రతి కుటుంబమునకు నేడో రేపో అది తటస్థింపక మానదు. క్రెడిట్ కార్డుపై పెరిగిన బాకీ మనుష్యుని పరపతిని ఎట్లు తగ్గించునో, ఆ పరపతిని ఎట్లు కాపాడుకొనవలెనో మీకు మనవి చేసెదను.

పరపతి అను మాట మనకు క్రొత్తది కాదు. మదరాసు ప్రభుత్వము పనుపున ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారి వ్యవసాయ బ్యాంకులను గూర్చి పరిశోధించి 1895లోను, 1897లోను నివేదికలు సమర్పించెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. ఆ సంఘములకు మూలసూత్రము ఒక్కటియే. ఒక గ్రామమువారు ఒకరినొకరు ఎరుగుదురు. కావున ఎవరు అప్పు తీర్చగలరో, ఎవరు తీర్చలేరో వారికే తెలియును. కార్యవర్గము ఎదుట దరఖాస్తు వచ్చినప్పుడు, "ఆయన మాట మీద నిలుచువాడు" అని పెద్దమనిషి ఒకడు పలికిన చాలును. పరపతి అనగా అప్పు పుట్టుట. పరపతి అనగా నలుగురిలో మర్యాద. ఈ రెండర్థములును మన భాషలో ఒకే మాటలో ఇమిడియున్నవి.

నేడు అప్పు ఇచ్చువాడు మన ఊరివాడు కాడు. అతడు ఏదో నగరమున కూర్చుండి యుండును. మన ముఖము ఎరుగడు, మన వీధి ఎరుగడు. కనుక మన మాట నిలకడను తెలుసుకొనుటకు అతడు ఒక లెక్కల పుస్తకమును ఆశ్రయించుచున్నాడు. ఆ పుస్తకమును వ్రాయు సంస్థలలో మొదటిది 2000 సంవత్సరమున ఏర్పడిన సిబిల్. 2005లో పార్లమెంటు ఈ సంస్థలను గూర్చి ప్రత్యేక శాసనమును చేసెను. రిజర్వు బ్యాంకు అనుమతితో నేడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు దేశమున పనిచేయుచున్నవి. బ్యాంకులు తాము ఇచ్చిన ప్రతి అప్పు వివరమును ఈ సంస్థలకు పంపును. ఆ వివరములను బట్టి మనిషికొక అంకె కట్టబడును. అది 300 మొదలు 900 వరకు ఉండును. దానినే క్రెడిట్ స్కోరు అందురు. గ్రామములలో ఏ సంస్థ కట్టినదైనను "సిబిల్ స్కోరు" అనియే వాడుక. మనము దానిని పరపతి అంకె అని చెప్పుకొందము.

అంకె దేనిని చూచును?

కొందరు పెద్దలు, "మాకు పది ఎకరముల మాగాణి కలదు, మా అంకెకు లోటేమి?" అని అడుగుచుందురు. ఈ అంకెకు మాగాణి తెలియదు, మెట్ట తెలియదు. పొదుపు ఖాతాలో ఎంత సొమ్ము నిలువయున్నదో తెలియదు. తీసికొన్న అప్పును మీరు ఎట్లు నడుపుకొనుచున్నారో అది మాత్రమే దానికి తెలియును. కావున పది ఎకరముల ఆసామి అంకె కంటె, సక్రమముగ వాయిదాలు చెల్లించు కౌలురైతు అంకె మిన్నగా ఉండవచ్చును.

అది చూచు విషయములలో మొదటిది, వాయిదాలు గడువులోపల చెల్లినవా, లేదా అనునది. దీనిని అందరును ఎరుగుదురు. రెండవది అంతగా తెలిసినది కాదు. కార్డుపై బ్యాంకు ఇచ్చిన హద్దులో ఎంత భాగమును మనము వాడుకొని బాకీపడియున్నాము అనునదే ఆ రెండవది. నేటి నా ప్రసంగమునకు ఇదియే ప్రధానము.

ఒక రైతునకు 50,000 రూపాయల హద్దుగల కార్డు ఉన్నదనుకొందము. అందులో అతడు 45,000 వాడుకొన్నాడు. హద్దులో నూటికి 90 వంతులు నిండినది. వేరొక రైతునకు హద్దు 2,00,000. అతని బాకీయు 45,000 మాత్రమే. అతనికి నూటికి 22½ వంతులే నిండినది. ఇద్దరి బాకీయు ఒక్కటియే. ఇద్దరును గడువు తప్పనివారే. అయినను మొదటివాని అంకె ఈ కారణముచేత తగ్గును. కార్డు అంచువరకు నింపినవానికి చేతిలో వెసులుబాటు లేదనియు, రేపు ఒక ఆపద వచ్చినచో వాయిదా తప్పవచ్చుననియు అప్పిచ్చువారు తలంతురు. చెరువు నిండి అలుగు తాకినప్పుడు మనము గట్టు మీదికి పోయి చూతుము గదా! గట్టు తెగలేదు, కాని తెగు ప్రమాదమున్నది. అంకె చూచునదియు ఆ ప్రమాదమునే.

ఎంతవరకు వాడుకొనవచ్చునని మీరు అడుగుదురు. ఇంత అని శాసనమేదియు లేదు. హద్దులో మూడవ వంతుకు లోపల, అనగా నూటికి 30 వంతులు మించకుండ బాకీని ఉంచుకొనుట మేలని ఈ విషయము తెలిసినవారు సామాన్యముగ చెప్పుచుందురు. 50,000 హద్దునకు 15,000 అన్నమాట. ఎంత తగ్గిన అంత మంచిది. రెండు మూడు కార్డులున్నవారు అన్నిటి మొత్తమును మాత్రమేకాక, ఏ ఒక్క కార్డును అంచువరకు నిండకుండ చూచుకొనవలెను.

"నేను ప్రతి నెలయు పూర్తి బిల్లు చెల్లించుచున్నాను, నా అంకె ఏల తగ్గవలెను?" అని మరియొకరు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. బ్యాంకు నిర్ణీత దినములలో, ఆ నాటికి మీ పేర ఉన్న బాకీని పరపతి సంస్థలకు తెలుపును. పూర్వము నెలకొకసారి తెలుపుట ఆచారము. 2025 జనవరి 1 నుండి కనీసము పక్షమునకొకసారి తెలుపవలెనని రిజర్వు బ్యాంకు నియమించినది. బిల్లు గడువు 20వ తేదీ అయి, బాకీ తెలుపుదినము 15 అయినచో, మీరు 20న పూర్తిగా చెల్లించినను 15వ తేదీన పెద్ద బాకీయే లెక్కకెక్కును. కావున పెద్ద ఖర్చు చేసిన నెలలో గడువు వరకు వేచియుండక, చేతికి సొమ్ము అందిన వెంటనే కొంత కొంతగా చెల్లించుట మంచిది.

ఇందులో ఒక ఊరట కలదు. వాయిదా తప్పిన మచ్చ త్వరగా పోదు. సిబిల్ నివేదికలో 36 నెలల చెల్లింపు చరిత్ర కనిపించును. నిండిన కార్డువలని నష్టమట్టిది కాదు. బాకీ తీర్చి, ఆ సంగతి సంస్థలకు చేరిన పిదప అంకె క్రమముగ కోలుకొనును. కనుక దీనికి చికిత్స మన చేతిలోనే యున్నది.

పల్లెకు ఈ చిక్కు ఎట్లు వచ్చినది?

పదియేండ్ల క్రిందట క్రెడిట్ కార్డు పట్టణ ఉద్యోగి జేబులోని వస్తువు. 2022లో రిజర్వు బ్యాంకు రూపే క్రెడిట్ కార్డును యూపీఐతో జతపరచుటకు అనుమతించెను. నాటినుండి కిరాణా దుకాణమున అతికించిన క్యూఆర్ కోడుకు సెల్‌ఫోను చూపినచో, సొమ్ము ఖాతానుండియే కాక, కార్డు అప్పునుండియు పోవుటకు వీలు కలిగినది. పప్పు, ఉప్పు, నూనె, పురుగుమందు, ట్రాక్టరు డీజిలు - ఒక్కొక్కటి చిన్న మొత్తమే. చేతినుండి నోటు పోలేదు గనుక ఖర్చు అయినట్లు తోచదు. నెలాఖరునకు చూచుసరికి హద్దు నిండియుండును.

మరియొక చిక్కు మన వృత్తిలోనే యున్నది. ఉద్యోగికి జీతము నెలనెలకు వచ్చును. కార్డు బిల్లును నెలనెలకు వచ్చును. రైతునకు రాబడి పంట ఇంటికి చేరినప్పుడే. ఏరువాక సాగినది మొదలు విత్తనములు, ఎరువులు, కూలీలు అని ఖర్చులే. ఆ నెలలలో కార్డు నిండుట తేలిక, తీరుట కష్టము. సరిగా ఆ దినములలోనే పిల్లలకు కళాశాలలలో సీట్లు వచ్చును. విద్యాఋణమునకు తండ్రియో తల్లియో తోడు సంతకము చేయవలసి వచ్చును. బ్యాంకు వారి పరపతి అంకెను చూచును. ఎరువుల దుకాణమున గీకిన కార్డు బిడ్డ చదువునకు అడ్డుపడుట ఇట్లు సంభవించును. తప్పు బిడ్డది కాదు. తండ్రి ఎగవేతదారుడును కాడు. కార్డు నిండియున్న వేళ ఋణమునకు పోవుటయే చిక్కు తెచ్చినది. కావున పెద్ద ఋణము కోరదలచినవారు మూడు నాలుగు నెలల ముందే కార్డు బాకీని తగ్గించుకొనవలెను. విద్యాఋణమునకే కాదు, ఇల్లు కట్టుటకును, ట్రాక్టరు కొనుటకును ఇదియే వర్తించును.

ఇక్కడ ఒక భేదమును గుర్తింపవలెను. 1998లో ఆరంభమైన కిసాన్ క్రెడిట్ కార్డు పేరులో కార్డు అని ఉన్నను, అది పంటఋణపు ఖాతా. దాని వడ్డీ స్వల్పము. గడువులోపల తీర్చినవారికి ప్రభుత్వపు రాయితీయు కలదు. దుకాణములలో గీకు కార్డు అట్టిది కాదు. సాగునకు కిసాన్ కార్డు ఉండగా, దుకాణపు కార్డుతో సాగు పెట్టుబడి పెట్టుట చవుక అప్పును విడిచి ప్రియమైన అప్పును కోరుటయే. కిసాన్ కార్డు అప్పును గడువు దాటనిచ్చినచో అదియు పరపతి అంకెను దెబ్బతీయునని మరువరాదు.

కనీసపు మొత్తము అను ఉచ్చు

కార్డు బిల్లుపై రెండు మొత్తములు అచ్చువేయబడి యుండును. ఒకటి పూర్తి బాకీ. రెండవది "కనీసము చెల్లింపవలసిన మొత్తము". కనీసపు మొత్తము చెల్లించినచో వాయిదా తప్పినట్లు కాదు. అంతమాత్రమున అప్పు తీరుచున్నదని భ్రమపడరాదు. మన గ్రామములలో రెండు రూపాయల వడ్డీ అన్న హెచ్చనియు, మూడు రూపాయల వడ్డీ అన్న దుర్మార్గమనియు అందుము. పెక్కు కార్డులపై వడ్డీ నెలకు నూటికి మూడున్నర రూపాయల వరకు ఉన్నది. సంవత్సరమునకు 42 రూపాయలు! ఆ వడ్డీపై నూటికి 18 వంతున జీఎస్టీ వేరుగ పడును.

లెక్క కట్టి చూతము. బాకీ 45,000. నెల వడ్డీ 1,575 రూపాయలు; దానిపై పన్ను 283 రూపాయల 50 పైసలు. రెండును కలిపి 1,858 రూపాయల 50 పైసలు. కనీసపు మొత్తము నూటికి ఐదు అనుకొన్నచో 2,250 రూపాయలు. అంత చెల్లించినను అసలులో తగ్గునది 391 రూపాయల 50 పైసలు మాత్రమే. అప్పు తీరదు; కార్డు నిండియే యుండును; అంకె కోలుకొనదు. అంతేకాదు, పాత బాకీ మిగిలియున్నంత కాలము క్రొత్త కొనుగోళ్లకు సామాన్యముగ వడ్డీలేని గడువు వర్తింపదు. ఇక కార్డుతో నగదు తీసినచో ఆ దినమునుండియే వడ్డీ నడచును. తీసినందుకు రుసుమును పడును.

తీర్చుటకు మార్గమేమి? మొదట ఆ కార్డును వాడుట మానవలెను. కనీసపు మొత్తమునకు పైన ఎంత వీలైన అంత చెల్లింపవలెను. పంట సొమ్ము రాగానే మొదట తీర్చవలసినది కార్డు బాకీయే. ఏలయన అన్ని అప్పులలో దాని వడ్డీయే సాధారణముగ హెచ్చు. తక్కువ వడ్డీకి బ్యాంకు ఋణము దొరకినచో దానితో కార్డును తీర్చి, నెలవాయిదాలుగ కట్టుకొనుట మేలు. కాని తీర్చిన కార్డును మరల నింపినచో రెండప్పులు మెడకు చుట్టుకొనును.

తొలగింపవలసిన పొరపాట్లు

పాత కార్డు తీరగానే దానిని రద్దు చేయుట కొందరి అలవాటు. మిగిలిన కార్డులపై బాకీ ఉన్నప్పుడు ఒక కార్డును మూసినచో మొత్తము హద్దు తగ్గి, నిండిన వంతు పెరుగును. అయితే కార్డు చేతిలోనున్నచో ఖర్చు ఆగనివారు మూయుటయే క్షేమము. అంకె కంటె కుటుంబము ముఖ్యము.

కార్డును స్నేహితునకో బంధువునకో ఇచ్చుట మరియొక పొరపాటు. "ఒక్కసారి గీకి ఇమ్ము బావా, పంట రాగానే ఇచ్చెదను" అన్నచో మనము కాదనలేము. కాని పుస్తకములో వ్రాయబడునది కార్డు గలవాని పేరే. జామీను సంతకము కూడ ఇట్టిదే. అప్పు తీసికొన్నవాడు తప్పినచో జామీనుదారుని పరపతియు చెడును. కొన్నిచోట్ల దుకాణదారులు కార్డు గీకి, కొంత కమీషను మినహాయించుకొని నగదు ఇచ్చుచున్నారు. అది అవసరము గడచినట్లు తోచినను, కార్డును ఒక్క పూటలో నింపు పని. దాని జోలికి పోరాదు.

రుసుము ఇచ్చినచో అంకెను పెంచెదమని ఫోనులో చెప్పువారిని నమ్మరాదు. ఉన్న నిజమును మార్చు అధికారము ఎవరికిని లేదు. ఓటీపీని ఎవరికిని చెప్పరాదు.

మీకు గల హక్కులు

ప్రతి మనిషియు తన నివేదికను, అంకెతో సహా, నాలుగు సంస్థలలో ప్రతిదానియొద్దను సంవత్సరమునకొకసారి ఉచితముగ పొందవచ్చును. 2017 నుండి ఈ సదుపాయము అమలులో ఉన్నది. నివేదికలో మీరు తీసికొనని అప్పు ఉన్నను, తీర్చిన అప్పు తీరనట్లున్నను బ్యాంకునకు గాని, ఆ సంస్థకు గాని వ్రాయవలెను. 30 దినములలో పరిష్కరింపనిచో, ఆపై ప్రతి దినమునకు 100 రూపాయల వంతున పరిహారము చెల్లింపవలెనను నియమము 2024 ఏప్రిల్ నుండి ఉన్నది. అప్పటికిని న్యాయము జరుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. 14448 అను నంబరుకు ఫోను చేసినచో మార్గము చెప్పుదురు.

కార్డుల విషయమున 2022లో రిజర్వు బ్యాంకు జారీచేసిన ఆదేశములును గమనింపదగినవి. కోరనివానికి కార్డు అంటగట్టరాదు. మీ సమ్మతి లేక హద్దును పెంచరాదు. బాకీ లేని కార్డును మూయుమని కోరినచో ఏడు పనిదినములలో మూయవలెను. లేనిచో దినమునకు 500 రూపాయలు చెల్లింపవలెను. ఇవి దయాభిక్షలు కావు, హక్కులు.

అమెరికాలోని మన పిల్లలు

మన గ్రామములనుండి చదువులకును, ఉద్యోగములకును అమెరికా వెళ్లిన యువకులు పలువురు కలరు. అక్కడ ఈ అంకెల పద్ధతి పాతది. ఫెయిర్, ఐజక్ అను ఇరువురు 1956లో స్థాపించిన సంస్థ 1989లో ప్రవేశపెట్టిన ఫైకో స్కోరు అక్కడ విశేష ప్రచారములో ఉన్నది. అది 300 నుండి 850 వరకు ఉండును. అందులో చెల్లింపు క్రమమునకు 35 వంతులు, బాకీల పరిమాణమునకు 30 వంతులు విలువ కట్టుదురు. క్రొత్తగా వెళ్లిన విద్యార్థికి చిన్న హద్దుగల కార్డే దొరకును. 500 డాలర్ల హద్దులో 400 డాలర్ల బాకీ ఉన్నచో నూటికి 80 వంతులు నిండినట్లే. అక్కడ ఇల్లు అద్దెకు ఇచ్చువాడును తరచు ఈ అంకెను అడుగును. కనుక పయనమగు బిడ్డకు ఆవకాయ జాడీతోపాటు ఈ బుద్ధియు మూటగట్టి పంపుడు.

సభ్యుల కర్తవ్యము

ఎవరి అంకెను పెంచుటకును పంచాయతీకి అధికారము లేదు. ఎవరి నివేదికను అడిగి చూచుటకును హక్కు లేదు. అది ఆ మనిషి సొంత కాగితము. బాకీదారుల పేర్లు బోర్డుపై వ్రాయుట, రచ్చబండ వద్ద చర్చించుట తగదు. అప్పుపడినవాడు సిగ్గుపడి దాచుకొనును. దాచుకొన్నకొలది వడ్డీ పెరుగును. అతడు నిర్భయముగ వచ్చి సలహా అడుగగల వాతావరణమును కల్పించుటయే మీరు చేయగల సేవ.

మీరు చేయదగిన పనులు కొన్ని కలవు. గ్రామసభలో అర్ధగంట ఈ విషయమునకు కేటాయింపుడు. బ్యాంకు మేనేజరును, ఆర్థిక అక్షరాస్యత కేంద్రమువారిని ఆహ్వానింపుడు. మహిళా సంఘముల సమావేశములలో ఒక కార్డు బిల్లును చదివి, పూర్తి బాకీ ఏదో, కనీసపు మొత్తము ఏదో, గడువు తేదీ ఏదో చూపించుడు. ఏరువాకకు ముందే, "ఈ యేడు మీ యింట ఎవరైన పెద్ద చదువునకు పోవుచున్నారా? కార్డు బాకీ ఎంత ఉన్నది?" అని మీ వార్డులోని కుటుంబములను హెచ్చరింపుడు. అడుగునది వివరము కొరకు కాదు. వారు ఇంటికి పోయి లెక్క చూచుకొనుటకు.

750కి మించిన అంకెను సాధారణముగ బ్యాంకులు మంచిదిగ ఎంచుచున్నవి. అయినను ఇంత అంకె ఉండితీరవలెనని రిజర్వు బ్యాంకు విధింపలేదు. కనుక అంకె తక్కువైనదని ఎవరును నిరాశపడి వడ్డీ వ్యాపారి గడప తొక్కనక్కరలేదు. బాకీని తగ్గించి, గడువు తప్పక నడచినచో అంకె తానుగ పైకి వచ్చును.

సోదర సోదరీమణులారా! కార్డు చెడ్డది కాదు. ఆపదలో ఆదుకొనును, సక్రమముగ వాడినచో పరపతిని పెంచును. కాని బ్యాంకు ఇచ్చిన హద్దు మన సంపాదన కాదు. దానిని మూడవ వంతుకు మించి నింపకుడు. నింపవలసి వచ్చినచో త్వరగా దింపుకొనుడు. పెద్ద ఋణమునకు పోకముందే తీర్చుకొనుడు. ఈ మూడు మాటలు మీ గ్రామములో ప్రతి గడపకును చేర్చుదురని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.